ముప్పావు అంగుళం సిలిండరు

నమూనా ఆవిరి ఇంజను తయారీలో కొత్తవారిని నిజంగా పరీక్షించే భాగం సిలిండరు. ఫ్లైవీలు కాస్త ఊగినా ఇంజను తిరుగుతుంది. అడుగు పలక ఎత్తుపల్లాలుగా ఉంటే పలుచని రేకు ముక్కలు పెట్టి సర్దుకోవచ్చు. సిలిండరు దగ్గర ఆ సర్దుబాట్లు సాగవు. బోరు గుండ్రంగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే కొలతలో ఉండాలి. రెండు కొసల ముఖాలు బోరుకు లంబంగా నిలవాలి. వాల్వు జారే పక్కముఖం బోరుకు సమాంతరంగా ఉండాలి. పిస్టన్ రాడ్డు బయటికి వచ్చే రంధ్రం బోరు సెంటరు మీదే పడాలి. వినడానికి ఇవి నాలుగు షరతులు. నాలుగింటికీ ఆధారం మాత్రం బోరు మధ్యగా పోయే కనిపించని గీత ఒక్కటే. ముందు ఆ గీతను లోహంలో స్థిరపరచడం, ఆపైన చేసే ప్రతి కోతనూ దాని నుంచే కొలవడం: సిలిండరు పనిలో నేర్చుకోవలసిన విద్యంతా ఇందులోనే ఉంది.

నెల్లూరు తీరాన అల్లూరు ప్రాంతానికి ఈ విద్య పరాయిది కాదు. అల్లూరుకు పొరుగున, కావలికీ నెల్లూరుకూ నడుమ ఉన్న బిట్రగుంటలో ఆవిరి ఇంజన్ల రోజుల్లో లోకో షెడ్డు ఉండేది. ఆ షెడ్డునూ రైల్వే కాలనీనీ నమ్ముకుని ఊరు పెరిగింది. మద్రాసు, బెజవాడల మధ్య రైలుదారి 1899లో కలిసింది. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతుల నుంచి 1951లో దక్షిణ రైల్వేకూ, 1966లో బిట్రగుంట వైపు భాగం దక్షిణ మధ్య రైల్వేకూ మారిన ఆ దారి మీద 1980 నాటికి కరెంటు తీగలు పూర్తిగా పరుచుకున్నాయి. ఆవిరి షెడ్డుకు పని లేకుండా పోయింది. అంతకుముందు ఇలాంటి షెడ్లలో సిలిండరు కవరు విప్పడం, పిస్టన్‌ను వెనక్కి లాగి రింగులు చూడటం, రాడ్డు చుట్టూ ఆవిరి కారకుండా ఆపే గ్లాండులో ప్యాకింగు మార్చడం ఫిట్టర్లకు రోజువారీ పనులు. బోరు అరిగి గుండ్రం తప్పితే అది షెడ్డులో తేలే పని కాదు, పెద్ద వర్క్‌షాపుకు పోవలసిందే. మద్రాసు రైల్వే పెరంబూరులో పెట్టిన అలాంటి వర్క్‌షాపు 1856 నాటిది.

దేశమంతటా ఎక్స్‌ప్రెస్ బళ్లను లాగిన డబ్ల్యూపీ తరగతి ఇంజన్ల తొలి విడత 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి వచ్చింది. దాని సిలిండరు బోరు 20¼ అంగుళాలు, స్ట్రోకు 28 అంగుళాలు. నమూనా ఇంజన్లలో కొత్తవారు ఎక్కువగా మొదలుపెట్టేది ఇంగ్లండుకు చెందిన స్టువర్ట్ టర్నర్ పేరు మీద వచ్చే 10వి అనే నిలువు ఇంజనుతో. దాని బోరు ముప్పావు అంగుళం, స్ట్రోకు కూడా ముప్పావు అంగుళమే. డబ్ల్యూపీ బోరులో సరిగ్గా 27వ వంతు. ఇంజను చిన్నదైనంత మాత్రాన పని తేలిక కాదు. పిస్టన్‌కూ గోడకూ మధ్య మిల్లీమీటరులో పదో వంతు సందు పెద్ద ఇంజనులో లెక్కలోకి రాదు. 19 మిల్లీమీటర్ల బోరులో అదే సందు వదిలి ప్యాకింగు పెట్టకపోతే ఆవిరిలో చాలా భాగం పని చేయకుండానే అవతలికి జారిపోతుంది. అందుకే నమూనా ఇంజను చేసేవారు పెద్ద వర్క్‌షాపులో జరిగే పనులనే అదే వరసలో, ఇంకా సన్నని కొలతల్లో చేస్తారు. ఇంగ్లండులో ఈ అభిరుచి కోసమే ‘మోడల్ ఇంజనీర్’ అనే పత్రిక 1898లో మొదలైంది.

సిలిండరు బోరు సరిగ్గా రావడం ఆవిరి యంత్ర చరిత్రలోనే పెద్ద మలుపు. జేమ్స్ వాట్ 1769లో తన యంత్రానికి పేటెంటు పొందాడు. అయినా పిస్టన్ చుట్టూ ఆవిరి కారకుండా ఆపగల పెద్ద సిలిండరు చేసిచ్చేవారు ఏళ్ల తరబడి దొరకలేదు. అప్పటి బోరింగు యంత్రాల్లో కోసే తల ఒక పొడవాటి కడ్డీ చివర వేలాడేది. రెండో కొసన దానికి ఆసరా లేదు. పోతలో రంధ్రం ఎటు వంగితే తలా అటే వంగేది. జాన్ విల్కిన్సన్ 1774లో ఫిరంగుల బోరింగుకు కొత్త పద్ధతి కనిపెట్టి, ఆ వెంటనే సిలిండర్ల కోసం ఇంకో యంత్రం కట్టాడు. బోరింగు కడ్డీని సిలిండరు గుండా అవతలికి పంపి రెండు కొసలా ఆధారం ఇచ్చాడు. కోసే తలకు పోత వంకరతో సంబంధం తెగిపోయింది. 50 అంగుళాల సిలిండర్లు కూడా వాట్‌కూ, అతని వ్యాపార భాగస్వామి బోల్టన్‌కూ తృప్తి కలిగేంత కచ్చితంగా వచ్చాయి. కొత్తవారు లేత్ ముందు నిలబడినప్పుడు ఎదురయ్యేది అచ్చంగా విల్కిన్సన్ పరిష్కరించిన సమస్యే.

సిలిండరుకు రెండు లోహాలు తగినవి, పోత ఇనుము లేదా గన్‌మెటల్. పోత ఇనుములోని గ్రాఫైటు నూనెను పట్టి ఉంచుతుంది కాబట్టి బోరు త్వరగా అరగదు, పిస్టన్ దానిలో హాయిగా జారుతుంది. గన్‌మెటల్ మెత్తగా కోతకు లొంగుతుంది, తుప్పు పట్టదు. అల్లూరులాంటి తీరప్రాంతంలో ఈ రెండో గుణాన్ని తేలిగ్గా తీసుకోరాదు. ఉప్పుగాలికి, ఆవిరి వదిలే తడి తోడైతే నునుపు చేసిన పోత ఇనుప బోరుకు రాత్రికి రాత్రే ఎర్రని తుప్పు పొర వస్తుంది. శ్రద్ధగా నూనె పెట్టేవారికి పోత ఇనుమే మంచిది. మొదటి ప్రయత్నానికి గన్‌మెటల్ కడ్డీ ముక్క కొనుక్కున్నా తప్పులేదు. పోత దిమ్మె కోసం ఎదురుచూడకుండా గుండ్రని కడ్డీ నుంచే బోరు కోసి, ఫ్లాంజిలను విడిగా చేసి వెండి టంకంతో అతికించే పద్ధతీ ఉంది.

ఈ పనికి కావలసిన యంత్రాలు కొత్తగా వెతకాల్సినవి కావు. వ్యవసాయ మోటార్లు, ట్రాక్టర్లు, రొయ్యల గుంటల ఏరియేటర్లు, చేపల పడవల ఇంజన్లు ఉన్న ప్రాంతంలో లేత్ షాపుకు పని ఉంటూనే ఉంటుంది. ఇంజను బోరుకొచ్చిందంటే ఏం చేయాలో తెలిసిన చేతులు అక్కడ ఉన్నాయి. ఐటీఐల్లో రెండేళ్ల టర్నర్ ట్రేడు చదివినవారికి ఫేసింగు, బోరింగు తొలి పాఠాలే. లేత్ మీద పనిని బిగించి పట్టే చక్కుల విషయంలో తెలుగునాటకు సొంత చరిత్ర కూడా ఉంది: 1943లో సికింద్రాబాదులో మొదలైన ప్రాగా టూల్స్ తయారుచేసిన సరుకుల్లో లేత్ చక్కులు కూడా ఉండేవి.

పోత దిమ్మె చేతికి రాగానే కోతకు దిగకూడదు. పోత గీతల వెంట మిగిలిన అంచులను ఆకురాయితో తీసి, దిమ్మెను అన్ని వైపులా కొలవాలి. పోతలోనే ఒక గరుకు రంధ్రం ఉంటుంది, అది నడుమ ఉంటుందన్న హామీ మాత్రం ఉండదు. ఆ రంధ్రంలో చెక్క బిరడా బిగించి, ముఖానికి సుద్ద పూసి, బయటి ఫ్లాంజిల నుంచీ, వాల్వు ముఖం నుంచీ కొలిచి సెంటరును బిరడా మీద గుర్తించాలి. అన్ని వైపులా లోహం సమంగా మిగిలేలా ఆ సెంటరును అటూ ఇటూ జరిపి నిర్ణయించడం మొత్తం పనిలో తీరిగ్గా ఆలోచించవలసిన ఘట్టం. ఇక్కడ అరగంట తొందరపడితే చివర్లో ఒకవైపు గోడ కాగితంలా పలచబడి, ఆవిరి దారి తొలిచేటప్పుడు బోరులోకే చిల్లు పడుతుంది.

తర్వాత దిమ్మెను నాలుగు దవడల చక్కులో పట్టాలి. మూడు దవడల చక్కు గుండ్రని సరుకుకు అనువైనది. పక్కన వాల్వు ముఖం పొడుచుకొచ్చిన సిలిండరును అది సరిగా పట్టలేదు. నాలుగు దవడల చక్కులో ఒక్కో దవడ విడిగా కదులుతుంది కాబట్టి గుర్తించిన సెంటరును లేత్ సెంటరుకు తీసుకురావచ్చు. దవడలకూ పోతకూ మధ్య పలుచని రాగి లేదా అల్యూమినియం రేకు పెట్టాలి. చక్కును చేత్తో తిప్పుతూ సూది మొనను గుర్తు దగ్గర పెట్టి చూస్తే సెంటరు ఎంత ఊగుతోందో తెలుస్తుంది. ఎదురెదురు దవడల్లో ఒకటి వదులు చేసి రెండోది బిగిస్తూ ఆ ఊపు తీసేయాలి. ముఖం ఒక్కటే చూస్తే చాలదు. సిలిండరు చక్కులో ఏటవాలుగా కూర్చుని ఉండవచ్చు. వాల్వు ముఖాన్ని ముందే ఆకురాయితో కొంత చదును చేసుకుంటే, దాని వెంట డయల్ గేజిని ముందుకూ వెనక్కీ నడిపి దిమ్మె నిటారుగా ఉందో లేదో చూడవచ్చు.

గరుకు రంధ్రాన్ని పెద్ద డ్రిల్లు బిట్టుతో పెంచేద్దామని కొత్తవారికి అనిపిస్తుంది. బిట్టు ఎప్పుడూ ముందున్న రంధ్రం దారినే పోతుంది. ఆ రంధ్రం పక్కకు ఉంటే బిట్టూ పక్కకే పోతుంది. రీమరూ అంతే. బోరును సెంటరు మీదికి తెచ్చేది ఒంటి మొన ఉన్న బోరింగు టూలు మాత్రమే. ఎందుకంటే దాన్ని నడిపేది పోత రంధ్రం కాదు, లేత్ క్యారేజీ. టూలు బార్ రంధ్రంలో పట్టేంత లావుగా, టూలు పోస్టు నుంచి వీలైనంత తక్కువ పొడవు బయటికి ఉండాలి. కోత బలానికి బార్ వెనక్కి వంగుతుంది. సన్నని పొడవాటి బార్ ఎక్కువ వంగి, వణికి, బోరు లోపల అలలలాంటి గుర్తులు వేస్తుంది.

మొదటి కోత ధైర్యంగా లోతు పట్టాలి. ఇసుక అచ్చులో గట్టిపడిన పోత పైపొరలో ఇసుక రేణువులు కూడా ఉంటాయి. దాన్ని గీకినట్టు తీస్తే టూలు మొన క్షణాల్లో మొద్దుబారుతుంది. పొర కిందికి దిగితే లోహం మెత్తగా వస్తుంది. హైస్పీడ్ స్టీలు టూలుతో పోత ఇనుముకు నిమిషానికి 20 మీటర్ల కోత వేగం పెట్టుకుంటే, 19 మిల్లీమీటర్ల బోరుకు లేత్ నిమిషానికి సుమారు 335 చుట్లు తిరగాలి. కోతకు నూనె అక్కర్లేదు, పోత ఇనుము పొడిగానే కోయాలి. రాలేది చుట్టలు కాదు, నల్లని పొడి. ఆ పొడి లేత్ పట్టాల మీద పడి నూనెతో కలిస్తే యంత్రాన్నే అరగదీస్తుంది. పట్టాల మీద పాత పేపరు పరిచి, పని అయ్యాక తుడిచి, కొత్తగా నూనె రాయాలి.

బోరు తుది కొలతకు అరమిల్లీమీటరు దూరంలో ఉండగా ఆగి, టూలుకు కొత్త పదును పెట్టాలి. ఆ తర్వాత కోతలు మిల్లీమీటరులో పదో వంతుకు మించకూడదు, ఫీడు కూడా నెమ్మదిగా ఉండాలి. చివర్లో డయల్ కదపకుండా అదే కొలత మీద టూలును మరో రెండుసార్లు నడపాలి. వంగిన బార్ వదిలేసిన లోహాన్ని ఆ ఖాళీ నడకలు తీసేస్తాయి. లోపలి కాలిపరుతో గానీ టెలిస్కోపిక్ గేజితో గానీ రెండు కొసలా, నడుమా కొలిచి మైక్రోమీటరు మీద చూసుకోవాలి. బోరు 19.00 వచ్చిందా, 19.08 వచ్చిందా అన్న బెంగ అనవసరం. పిస్టన్ ఇంకా కోయలేదు, బోరు ఎంత వస్తే దానికి తగ్గట్టే దాన్ని చేస్తారు. ఒక కొస రెండో కొస కంటే పెద్దదైతే మాత్రం ఆగి కారణం వెతకాలి. లేత్ తల ఒకవైపు తిరిగి ఉండవచ్చు, బార్ వంగుతుండవచ్చు, పని మధ్యలో చక్కు దవడ జరిగి ఉండవచ్చు.

బోరు పూర్తయ్యాక సిలిండరును చక్కు నుంచి తీయకుండానే ముందు ముఖాన్ని ఫేసింగు చేయాలి. ఇదే ఈ పనికి మర్మం. ఒకే పట్టులో, ఒకే తిరుగుడు మీద కోసిన బోరూ ముఖమూ ఒకదానికొకటి లంబంగా రాక తప్పదు; ఏ కొలత పరికరమూ ఇవ్వలేని భరోసాను ఆ పట్టు ఇస్తుంది. ఒకసారి విప్పి మళ్లీ పడితే ఆ సంబంధం పోతుంది. అనుభవమున్న టర్నరు డ్రాయింగు చూడగానే ఏ కోతలు ఏ పట్టులో కలిసి జరగాలో ముందు లెక్క వేసుకుంటాడు, కొలతల సంగతి తర్వాత చూస్తాడు.

రెండో ముఖానికి బోరే ఆధారం. చక్కులో ఒక ఇనుప ముక్కను పట్టి, బోరు పొడవు కంటే కొంచెం పొట్టిగా, సిలిండరు చేతి ఒత్తిడితో బిగుసుకునేంత స్వల్పమైన వాలుతో తిప్పాలి. మాండ్రిల్ అనే ఆ ముక్కను చక్కు నుంచి కదపకుండా సిలిండరును దాని మీదికి తోసి, చిన్న చిన్న కోతలతో రెండో ముఖం చదును చేయాలి. రెండు ముఖాలూ ఒకే బోరుకు లంబమైనప్పుడు ఒకదానికొకటి సమాంతరం అయి తీరతాయి. బోరు పెద్దదైన నమూనాలకు సిలిండరును లేత్ క్యారేజీ మీద బిగించి, రెండు సెంటర్ల మధ్య తిరిగే బార్‌తో బోరు చేయడం ఇంకా నమ్మకమైన దారి. విల్కిన్సన్ చేసినదీ అదే.

వాల్వు ముఖానికీ ఇదే నియమం. యాంగిల్ ప్లేటుకు సిలిండరు కొస ముఖాన్ని ఆనించి, బోరు గుండా బోల్టు వేసి బిగిస్తే పక్కముఖం బోరుకు సమాంతరంగా కోతకు వస్తుంది. మిల్లింగు మిషను ఉంటే సరే, లేకుంటే ఫేస్ ప్లేటు మీద యాంగిల్ ప్లేటు బిగించి లేత్ మీదే చేయవచ్చు. ఎదురుగా సమతూకపు బరువు బిగించి, వేగం తగ్గించడం మరవకూడదు. కోత అయ్యాక అద్దం పలక మీద సన్న నీటి ఎమరీ కాగితం పరిచి, ముఖమంతా మార్కరు రంగు పూసి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దాలి. రంగు అంతటా సమంగా పోయేదాకా ఆపకూడదు. ఆవిరి ఒత్తిడే వాల్వును ఆ ముఖానికి అదిమి పట్టి ఉంచుతుంది. ముఖం చదునుగా లేకపోతే ఆవిరి నేరుగా బయటి దారిలోకి కారుతుంది.

ఆ ముఖం మీద మూడు గాళ్లు ఉంటాయి. పైదీ కిందిదీ సిలిండరు రెండు కొసలకు ఆవిరి పంపుతాయి, నడిమి వెడల్పాటి గాడి వాడిన ఆవిరిని బయటికి వదులుతుంది. సన్న ఎండ్ మిల్లుతో కోయడం మంచిది. వరసగా చిన్న రంధ్రాలు వేసి చిన్న ఉలితో అంచులు సరిచేసే పాత పద్ధతికి ఓపిక కావాలి గానీ అదీ బాగానే పనిచేస్తుంది. కొత్తవారిని భయపెట్టేది ఆ గాళ్లను బోరు కొసలతో కలిపే ఏటవాలు దారి. సిలిండరు పక్క చిత్రాన్ని కాగితం మీద పది రెట్లు పెద్దగా గీసి, కోణాన్ని అక్కడే కొలుచుకోవాలి. బోరు అంచున ఆకురాయితో చిన్న చదును చేసుకుంటే డ్రిల్లు మొన జారదు. రెండున్నర మిల్లీమీటర్ల బిట్టు చాలు. ఒక పెద్ద రంధ్రం కంటే పక్కపక్కన రెండు మూడు చిన్నవి వేయడం క్షేమం. బిట్టు అవతలికి తేలే క్షణంలో ఒత్తిడి తగ్గించకపోతే గాడి అంచును కొరుకుతుంది, లేదా తానే విరిగి లోపల ఉండిపోతుంది.

కవర్లలో రాడ్డు వచ్చే వైపుదే కీలకం. బోరులో కూర్చునే చిన్న గట్టు, గ్లాండు గది, రాడ్డు రంధ్రం: మూడూ ఒకే పట్టులో జరగాలి. అలా చేస్తే గట్టు బోరులో కూర్చోగానే రాడ్డు రంధ్రం తానే బోరు సెంటరు మీదికి వస్తుంది. బోల్టు రంధ్రాలను ముందు కవరులో వేసి, కవరును బోరులో కూర్చోబెట్టి బిగించి, వాటి గుండానే సిలిండరు మీద గుర్తు పెట్టాలి. ఎం3 మరకు రెండున్నర మిల్లీమీటర్ల రంధ్రం వేసి ట్యాపును అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ దింపాలి. కవరు ఏ వైపు ఎలా కూర్చుందో తెలిసేలా అంచున పంచితో ఒక చుక్క కొట్టుకుంటే తర్వాత తికమక ఉండదు.

పిస్టన్‌ను విడిగా పూర్తి చేసి రాడ్డుకు తగిలించడం పొరపాటు. మరలు ఎంత బాగా వచ్చినా కొంత పక్కకు లాగుతాయి. పిస్టన్‌ను అరమిల్లీమీటరు పెద్దగా కోసి, రాడ్డుకు గట్టిగా బిగించి, రాడ్డునే సరిగ్గా తిరిగేలా పట్టి అప్పుడు తుది కోత తీయాలి. బోరు కంటే మిల్లీమీటరులో వందకు అయిదు వంతులు తక్కువ ఉంటే చాలు. నడుమ గాడిలో గ్రాఫైటు పట్టించిన నూలు ప్యాకింగు చుట్టడం పాత పద్ధతి; వేడిని తట్టే ఓ-రింగు వేయడం ఇప్పటి పద్ధతి. నూలు మొదట బిగుతుగా ఉండి, నడిచేకొద్దీ ఒదుగుతుంది. ఓ-రింగుకు గాడి లోతు ఖచ్చితంగా రావాలి, ఎక్కువ అదిమితే ఇంజను కదలదు. బోరు నునుపు చాలదనిపిస్తే చెక్క లేదా అల్యూమినియం కడ్డీకి సన్న రుద్దుడు పేస్టు రాసి కొద్దిగా ల్యాపింగు చేయవచ్చు. ఆపైన కిరోసిన్‌తో, సబ్బు నీళ్లతో పలుమార్లు కడగాలి. గన్‌మెటల్ బోరుకు ఎమరీ వాడకపోవడమే మంచిది. మెత్తని లోహంలో ఆ రేణువులు దిగబడి, ఆ తర్వాత రోజూ పిస్టన్‌ను కొరుకుతూ ఉంటాయి.

కూర్చిన సిలిండరును మొదట గాలితోనే పరీక్షించాలి. పంక్చరు షాపులో ఉండే కంప్రెసరు చాలు, ఒత్తిడి ఒకటి రెండు బార్లు దాటనవసరం లేదు. వాల్వును కప్పి ఉండే ఆవిరి పెట్టె లోపలికి గాలి వదిలి, ఫ్లైవీలును చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ఎగ్జాస్టు గొట్టం దగ్గర చెవి పెట్టి వినాలి. ఎక్కడ తిప్పినా ఒకేలా సన్నని చప్పుడు వస్తుంటే వాల్వు ముఖం కారుతోంది. స్ట్రోకు సగంలో మాత్రమే వస్తుంటే పిస్టన్ వైపు చూడాలి. సబ్బు నీళ్లు పూస్తే కవరు జాయింట్ల కారుడు బుడగలుగా బయటపడుతుంది. తొలి గంట నూనె ధారాళంగా పోస్తూ నడిపితే పిస్టన్, వాల్వు ఒకదానికొకటి ఒదుగుతాయి.

ఆవిరితో నడిపేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోవాలి. చిన్న సిలిండరులో లోపలి ఘనపరిమాణంతో పోలిస్తే గోడల వైశాల్యం చాలా ఎక్కువ, అందువల్ల చల్లటి లోహాన్ని తాకిన ఆవిరి వెంటనే నీరవుతుంది. నీరు గాలిలా నొక్కుకుపోదు. పిస్టన్ దాన్ని కవరుకు అదిమితే కవరు పగులుతుంది, లేదా రాడ్డు వంగుతుంది. అందుకే పెద్ద ఇంజన్లకూ నమూనాలకూ సిలిండరు అడుగున డ్రెయిను కాక్‌లు ఉంటాయి. వాటిని తెరిచి ఉంచి, ఫ్లైవీలును చేత్తో ముందుకూ వెనక్కీ తిప్పుతూ సిలిండరు వేడెక్కాకే మూయాలి. పని ముగిశాక అవే కాక్‌ల గుండా నీటిని దించి, వేడి తగ్గకముందే ఆవిరి గొట్టంలో కొన్ని చుక్కల స్టీం నూనె వేసి నాలుగు చుట్లు తిప్పి ఉంచాలి. పోత ఇనుప సిలిండరైతే ఈ తీరప్రాంతంలో ఒక్క రోజు కూడా ఆ పని మానరాదు.